పచ్చ పిట్ట గూడు

ఏప్రిల్, మంగళవారం. వేంపల్లె.

పొద్దున చేను చదును చేయించాను. జేసీబీ తోలే బాషాతో వేపచెట్టు మాత్రం ముట్టుకోవద్దన్నాను. తేనెటీగలను కంచె తీగకేసి కొట్టి, ముల్లు రాలగొట్టి తినే ఆ పచ్చ పిట్టల గూళ్లు చెట్టులోనే ఉంటాయనుకున్నాను. వంక పక్కనున్న ఇసుకగట్టును తీసెయ్యమన్నాను.

సగం గట్టు కూలాక బాషా బండి ఆపి కేకేశాడు.

"అన్నా, ఈడ సూడు! మన్నులో పిట్టపిల్లలుండాయి!"

తెగిన మట్టిలో మూరెడు పొడవు బొరియ బయటపడింది. దాని చివర ఈకలు రాని నాలుగు పిల్లలు. ఒక్కటీ కదల్లేదు.

"ఆ పచ్చ పిట్టవే అన్నా. దబ్బనమంత ముక్కు దానిది. దాంతో ఇంత లోతు యెట్ల తొవ్విందన్నా?" అన్నాడు. అన్ని రంగులున్న పిట్ట మట్టిలో కాపురముంటుందని ఎవరనుకుంటారు? రోజూ చూస్తున్నాను కదా, ఒక్కసారైనా ఎటు పోతుందో గమనించానా…

అంతలో తల్లి వచ్చింది, ముక్కున తేనెటీగతో. గట్టు లేని చోట, సరిగ్గా ఆ బొరియ నోరున్న ఎత్తులో, రెక్కలాడిస్తూ గాలిలో నిలబడింది.

దాని వెనకే నేను కాపాడిన వేపచెట్టు. అందులో ఒక్క గూడూ లేదు.