చిల్కూరు ఫోన్ ఎందుకు జవాబిస్తలేదు

శుక్రవారం, మొయినాబాద్ రూం

నా రీసెర్చ్‌కని ఇండ్లల్ల పెట్టిన పాత ఫోన్లు, సర్వర్ లేకుండనే, నిమిషానికోసారి ఒకదాన్నొకటి "ఉన్నవా?" అని అడుగుతయి. చిల్కూరుది మాత్రం రోజూ పొద్దుగూకంగనే జవాబియ్యదు. వారం సంది కోడ్‌ల తప్పు దేవులాడి తల పాడుచేసుకున్న. ఇయ్యాల షేర్ ఆటోల చిల్కూరు పోతే, ఆ ఫోన్ పెట్టిన ఇంటి అవ్వ నవ్వింది.

"నేనే బంద్ చేస్తున్న బిడ్డా. పొద్దంత పనిచేస్తది, దానికి జర ఆరాం ఉండొద్దా?"

రాత్రి గూడ నడవాలని చెప్పుడు నేనే మర్చిపోయిన. కోపం నామీదనే వచ్చింది.

"నువ్వు తిన్నవా?" అన్నది అవ్వ. తిన్న అని అబద్ధం చెప్పి వచ్చేసిన. ఆ మాట విని ఎన్ని రోజులైందో యాదికొస్తలేదు...

రిపోర్టుల చిల్కూరు ఫోన్ ఫెయిల్ అని రాయాలె. ఎట్ల రాయాలె? ఇన్ని ఇండ్లల్ల తిన్నవా అని నన్ను అడిగింది ఆ ఒక్క ఇల్లే.