గౌరి మూడో చుట్టులో ఆగిపోయింది

సిద్ధగోరా,
జంషెడ్‌పూర్.

అన్నయ్యా,

నా కూతురు పరుగు పరీక్ష తప్పడానికి కారణం నువ్వే. నమస్కారం ఈ మాట తర్వాతే పెడుతున్నాను. వదిన మోకాళ్ల నొప్పి తగ్గిందా? పెద్దత్త కంటి ఆపరేషన్ బాగా జరిగిందని విని సంతోషించాం. మేమంతా క్షేమమని రాయాలి. ఒంటికైతే క్షేమమే. ఫోను చేస్తే అరుస్తానని కాగితం పట్టుకున్నాను.

ఇక్కడ ఎండలు అప్పుడే ముదిరాయి. డ్యూటీ దిగేసరికి చొక్కా మీద ఉప్పు తెల్లగా కడుతోంది. వచ్చి ఇరవై రెండేళ్లయినా ఈ ఊరి నీళ్లకి మన పులుసు రుచి రాలేదు. గౌరికి పోలీసు ఉద్యోగం వస్తే, ఈ ఇంట్లో కాంట్రాక్టు కాని మొదటి ఉద్యోగం అదే. అందుకే ఏడాదిగా తెల్లారకముందే లేచి, నువ్వు పంపిన చోడిపిండి అంబలి తాగి పరిగెత్తింది.

అప్పుడు వచ్చాయి నీ కీటోన్ సీసాలు. ఉపవాసమున్నప్పుడు ఒళ్లు కొవ్వు కరిగించి తనకు తానే చేసుకునే ఇంధనమట, దాన్నే సీసాలో పోసి అమ్ముతున్నారట. నీ గొంతు ఇంకా చెవిలో ఉంది: "ఒరే సన్యాసీ, ఆ రోజు అంబలి గింబలి ఒద్దురా. ఇది తాగిత్తే సాలు, గుంట గుర్రంలాగ పరిగెడతాది."

ఇంకెవరైనా చెబితే గౌరి నవ్వేసేది. చెప్పింది పెదనాన్న. ముప్ఫయ్యేళ్లు బడిపిల్లల చేత అంబలి తాగించి పరిగెత్తించిన డ్రిల్లు మాస్టారు. రిటైరయ్యాక సీసాల అమ్మకంలో చేరావని తెలిసీ నమ్మింది.

పరీక్షలో నాలుగు చుట్లు పరిగెత్తాలి. రెండు చుట్లు ముందు వరసలోనే ఉంది. మూడో చుట్టులో కడుపు పట్టుకుని వంగిపోయింది. నేను కంచె దగ్గర్నుంచి అరిచాను: "ఏటైనాదే అమ్మా? లెగు, ఇంకొంచెమే!"

"నహీ హోగా, పాపా," అంది, ఇక తన వల్ల కాదని. ఏడవలేదు. గీత దాటి బయటికొచ్చి, నెమ్మదిగా బూట్లు విప్పుకుంది.

ఇక్కడే సాక్చి బజార్లో ఒక డాక్టరమ్మని అడిగాను. ఆరోగ్యంగా ఉన్నవాళ్ల పరుగు దీనివల్ల మెరుగవుతుందని గట్టిగా తేలనే లేదంది. కొందరికి కడుపులో తిప్పుతుంది, వేగం తగ్గినా తగ్గుతుందంది. "ముంచింది సీసాయో ఖాళీ కడుపో నేను చెప్పలేను. పరీక్ష రోజున అలవాటు లేనిది ఎందుకిచ్చారు?" అని అడిగింది.

ఆ ప్రశ్నే నిన్నడుగుతున్నాను. పిల్లలకి ఒక మైదానం కావాలని, బళ్లో రోజూ ఒక గుడ్డు పెట్టాలని అడగడానికి మనకి నోరు రాదు. కూలివాళ్ల ఆశని సీసాలో పోసి కూలివాళ్లకే అమ్మడానికి మాత్రం మాస్టార్లు దొరుకుతారు. నువ్వు అమ్మింది ముప్ఫయ్యేళ్ల నీ మంచిపేరు.

నన్నూ వదలను. ఫ్యాక్టరీ గేటు దగ్గర యూనియన్ మీటింగుల్లో తాయెత్తులు కట్టుకునేవాళ్లని దులిపేస్తాను కదా. ఆ పొద్దున సీసా మూత తీసి దాని చేతికిచ్చింది నేనే. అంబలి గిన్నె పక్కకి జరిపిందీ నేనే. వాళ్లమ్మ అంటూనే ఉంది, "కాసింత తాగనియ్యి, కాలీ కడుపుతో ఏటి పరిగెడతాది?" అని. వినలేదు.

మూడు వారాలయింది. గౌరి పొద్దున లేవడం లేదు. బూట్లు మంచం కిందే ఉన్నాయి. ఇంకొక్క పరీక్షకి వయసుంది, వెళ్లమంటే "నా కాళ్లలోనే లేదు, పాపా" అంటోంది. సీసాని అనదు, నిన్ననదు, నన్ననదు. తన కాళ్లనే అంటోంది. ఆ మాట వినలేకపోతున్నాను అన్నయ్యా.

కోపంతో రాసినా నీ తమ్ముణ్ణే. నువ్వూ వదినా దాన్ని దీవించండి. పెద్దత్త కాళ్లకి మా అందరి దండాలు.

నీ తమ్ముడు,
సన్యాసి

నువ్వు చెయ్యాల్సినవి:

1. ఊళ్లో ఇంకే పిల్లకీ ఆ సీసా ఇవ్వకు. ఇచ్చిన ఇళ్లకి వెళ్లి, తాగొద్దని నువ్వే చెప్పు.
2. తప్పు తన కాళ్లది కాదని గౌరికి నీ చేత్తో రాయి. దానికి తెలుగు చదవడం రాదు, నేను చదివి వినిపిస్తాను.
3. చోడిపిండి పంపు.
4. అందులో నీ పాత డ్రిల్లు ఈల పెట్టు. నా కేకలకి అది లేవడం లేదు.