‘నువ్వు’ అనే డైలాగ్

జూన్ 4, ఉదయం

అక్క మా ఇంటికి వచ్చి పదకొండు రోజులు. ఒక సంచి, ఒక గొడుగు. కారణం నిన్న చెప్పింది. తను ఎక్స్‌రే తీసే ఆసుపత్రికి బావ వెళ్ళి, అక్క పేరుతో రాజీనామా ఉత్తరం ఇచ్చొచ్చాడట. సంతకం కూడా తనే పెట్టేశాడట. నడుం నొప్పితో అవస్థపడుతున్నావు కదా, కాస్త విశ్రాంతిగా ఉంటుందనుకున్నాను అన్నాడట. అక్క వెళ్ళి ఉత్తరం వెనక్కి తీసుకుంది. ఉద్యోగం నిలిచింది.

నా రక్తం ఉడికిపోయింది. ఇక ఆ గడప తొక్కనివ్వను అన్నాను. అమ్మ నా కంచంలో ఇంకో గరిటె వడ్డించి, ముందు తిను, తర్వాత ఉడుకుదువుగాని అంది.

జూన్ 5

ప్రెస్‌లో ఇవాళ నా బల్ల మీదికి వచ్చిన ప్రూఫ్: ‘ఆధునిక నాటకంలో స్త్రీ స్వేచ్ఛ, వివాహం’. ముప్ఫై రెండు పేజీల చిన్న పుస్తకం. దిద్దడం మానేసి చదువుతూ కూర్చున్నాను. నాలుగో పేజీలో ‘వివాహం’ బదులు ‘వివాదం’ అని పడిందిరా, కళ్ళు ఎక్కడ పెట్టావు అని ఫోర్‌మన్ అరిచాడు. నాకది తప్పులా అనిపించలేదు సార్ అన్నాను.

ఒక మాట మాత్రం గుచ్చుకుంది. నాటకంలో భర్త భార్యను ఏమంటాడో, భార్య భర్తను ఏమంటుందో వినండి, ఆ ఇంటి చట్టమంతా అక్కడే ఉంది, అని. ఆయన ‘నువ్వు’. ఆవిడ ‘మీరు’. వెయ్యి నాటకాలు, ఒకటే చట్టం!

ప్రెస్ వార్షికోత్సవానికి ఈసారి నాటకం నేను రాస్తాను.

జూన్ 9

రాశాను. చివరి రంగంలో నాయిక సంచి పట్టుకుని లేస్తుంది. మూడు పేజీలు మాట్లాడుతుంది. చివరి డైలాగ్: ‘నువ్వు నా యజమానివి కావు. నువ్వు కేవలం నువ్వు!’

ఫోర్‌మన్ మొత్తం విని, ఆ మూడు పేజీలూ సంచి చేత్తో పట్టుకునే ఉంటుందా, కింద పెడుతుందా అని అడిగాడు. కళ తెలియని మనిషి.

జూన్ 12

నాయిక వేషం మా ప్రెస్ టైపిస్టు వేయనంది. మూడు పేజీలు చూసి తన గొంతు అంత దూరం రాదంది. అక్కను బతిమాలాను. ఒప్పుకుంది! ఇది నీ కథే అక్కా అన్నాను. అవునా, చదివి చూస్తాలే అంది. భర్త వేషం ప్రెస్‌లో పుస్తకాలు కుట్టే బైండర్ బాబాయిది.

జూన్ 15

రిహార్సల్. ‘మీరు నా యజమాని కారు. మీరు కేవలం మీరు.’ అక్కతో పాతిక సార్లు చెప్పించాను. పాతిక సార్లూ ‘మీరే’. బైండర్ బాబాయి చేతులు జోడించి, ఇంత మర్యాదగా తిడితే నేనే సంచి సర్దుకుని పోతానమ్మా అన్నాడు. అందరూ నవ్వారు. నాకు మండిపోయింది. ఇది బానిస భాష అక్కా, నీ నాలుక ఇంకా ఆ ఇంట్లోనే ఉంది అన్నాను. అందరి ముందూ.

అక్క గ్లాసెడు నీళ్ళు తాగి ఇంటికి వెళ్ళిపోయింది.

జూన్ 16

క్షమించమని అడగాలి. అడగలేదు.

జూన్ 17, మధ్యాహ్నం

బావ ప్రెస్‌కు వచ్చాడు. గడియారాలు బాగుచేసే మనిషి, కంటి చుట్టూ భూతద్దం నొక్కిన గుర్తు ఇంకా పోలేదు. అక్క నడుం బెల్టు మర్చిపోయిందట. ఆ ఎక్స్‌రే గదిలో రోజంతా నిలబడాలి కదా, ఇచ్చెయ్యవా అన్నాడు.

లేచాను. మీరు నియంత అన్నాను. మీరు ఒక మనిషి సంతకం దొంగిలించారు, మీరు సిగ్గుపడాలి, మీకు మా గుమ్మంలో చోటు లేదు అన్నాను. మిషన్లు ఆపేసి అందరూ విన్నారు. బావ తల వంచుకుని, దొంగతనమే అన్నాడు. బెల్టు నా ప్రూఫుల మీద పెట్టి వెళ్ళిపోయాడు.

ఏరా మాస్టారూ, అక్కకి ‘నువ్వు’ నేర్పిస్తున్నావు, నువ్వు తిట్టినవన్నీ ‘మీరు’లే కదరా అన్నాడు ఫోర్‌మన్. బైండర్ బాబాయి నవ్వి నవ్వి దగ్గాడు.

అదే రోజు, సాయంత్రం

ఇంకో సంగతి తట్టింది. టైపిస్టు నాకంటే ఆరేళ్ళు పెద్దది. బైండర్ బాబాయిని ‘మీరు’ అంటాను. ఆవిడను ఎందుకు ‘నువ్వు’ అంటున్నాను?

జూన్ 18

బెల్టు ఇచ్చాను. తప్పయిందన్నాను. అక్క బెల్టు బిగించుకుంటూ, నువ్వు రాసిన దాంట్లో మూడు పేజీలున్నాయి గానీ గొడుగు లేదురా అంది.

అప్పుడు చెప్పింది. ఇల్లు వదిలిన రోజు ఉపన్యాసమేమీ ఇవ్వలేదట. మెట్లు దిగి వీధి చివరిదాకా వచ్చాక గొడుగు గుర్తొచ్చిందట. వెనక్కి వెళితే, బావ అప్పటికే గుమ్మంలో గొడుగు పట్టుకుని నిలబడి ఉన్నాడట. డ్యూటీకే వెళుతోందనుకుని, వాన వచ్చేలా ఉంది అన్నాడట. మెట్లు దిగడం సులువే, ఆ చేతిలోంచి గొడుగు అందుకోవడమే కష్టమైంది అంది.

ఏమన్నావు అని అడిగాను.

వెళ్ళొస్తానండీ అన్నాను, అంది. ఇల్లు వదిలి వచ్చేస్తూ, ‘వెళ్ళొస్తాను’! చెప్పి తనే నవ్వింది. కళ్ళు తుడుచుకుంది. తర్వాత నా ఎర్ర పెన్ను తీసుకుని, నేను ప్రూఫుల్లో కొట్టేసినట్టే, మూడు పేజీలూ కొట్టేసింది.

నేను ఒక్క కామా కోసం కూడా పోట్లాడలేదు.

జూన్ 27, ఉదయం

నిన్న నాటకం. నాయిక మాట్లాడకుండా వెళ్ళింది. గొడుగు కోసం తిరిగి వచ్చింది. జనం గొల్లున నవ్వారు. తెర పక్కన స్క్రిప్టు పట్టుకుని చచ్చిపోయాననుకున్నాను. బైండర్ బాబాయి గొడుగు అందించాడు. అక్క చాలాసేపు తీసుకోలేదు. నవ్వులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. ఎవరో కుర్చీ జరిపితే వినపడింది. అందుకుని, ‘వెళుతున్నాను’ అంది. అంతే.

చివరి వరసలో బావ నిలబడే చూశాడు.

తర్వాత గేటు దగ్గర కనపడ్డాడు. ఆసుపత్రికి వెళ్ళి ఆ సంతకం నాదేనని పెద్ద డాక్టరుతో ఒప్పుకున్నాను అన్నాడు. ఆయనకు చెప్పావు, మరి నాకెప్పుడు చెబుతావు నువ్వు, అంది అక్క.

రిహార్సల్ లేకుండా. గొంతు పెంచకుండా.

బావ, ముందు మీకే చెప్పాల్సింది అన్నాడు. వేళాకోళం అనుకున్నాను. మొహం చూస్తే కాదు.

ఇప్పుడే రానంది అక్క. ఆదివారాలు మాట్లాడుకుందాం అంది. మధ్యలో నేను నోరు తెరవబోతే అమ్మ నా చెయ్యి గిల్లింది. ఇంకా ఎర్రగానే ఉంది.

జూన్ 30

టైపిస్టును ‘మీరు’ అన్నాను. ఒంట్లో బాగాలేదా అని అడిగింది. అడిగారు.

జూలై 18, ఆదివారం

అక్క సంచి భుజాన వేసుకుని, వెళ్ళొస్తాను అంది. మాట్లాడి రావడానికా, ఉండిపోవడానికా, అడగలేదు.

గొడుగు ఇక్కడే ఉంది. మబ్బు పట్టింది. తీసుకుని మెట్ల దాకా పరిగెత్తి, ఆగాను. కావాలంటే తనే వస్తుంది.