మూడో సీసా

తొండూరు దగ్గర పేట,
12 జూన్ 2003

తమ్ముడు మోషేకు దేవుడు తోడుండాలని కోరుతూ అక్క రాయునది.

నీళ్లలో కరెంటుతో మెరుపులు పుట్టించి క్రిములను చంపే మీ ల్యాబు ప్లాస్మా మిషను ఒక్కటే ఉందనీ, ఏ వీధి నీళ్లు ఎక్కువ చెడితే అక్కడ బిగిస్తాననీ రాశావు. రెండు వీధుల నీళ్లూ సీసాల్లో పంపమన్నావు. పంపుతున్నాను. అయితే లోపలున్నవి నీళ్లని చెప్పలేను.

పై వీధి ఓబుళరెడ్డి, కింది వీధి శివారెడ్డి చెరొక ఏజెంటును పంపారు. ఓట్లపెట్టెకు మాదిరి సీసాలకు లక్కముద్ర వేయాలన్నారు. వేసేలోపల పై వీధి ఏజెంటు తన సీసాలో చిటికెడు పేడ కలిపాడు. అది చూసి రెండోవాడు గుప్పెడు కలిపాడు.

"ఏందప్పా ఇది?" అని రెండోవాణ్ణి అడిగాను.

"వాళ్లు రిగ్గింగు చేస్తాంటే మేం చూస్తా కూచోవల్లనా టీచరమ్మా? మా నీళ్లల్లో పురుగులు తక్కువొస్తే మా అన్న తలెత్తుకోని తిరిగేదెట్ల?"

ఒక మాట రాయకూడదనుకున్నాను. ఊరంటే ఆ రెండు వీధులేనని నువ్వు కూడా అనుకున్నావా? నువ్వు పుట్టింది ఊరి బయటి ఈ పేటలో. ఈ నెల మన బావి నీళ్లకు పదకొండు మంది పిల్లలు విరేచనాలతో పడ్డారు. పక్కింటి అరుణ కూతురు ఇంకా పులివెందుల ఆసుపత్రిలోనే ఉంది.

మూడో సీసా నేను నింపాను. అందులో ఏమీ కలపలేదు. అవసరం రాలేదు.

మీ అక్క,
దేవకుమారి

---

9 జులై 2003

మోషే నాయనా,

మిషను మన చర్చి గోడకు బిగించేటప్పుడు నువ్వు కళ్లు తుడుచుకోవడం నేను చూడలేదనుకో.

నువ్వు బస్సెక్కగానే రెడ్లిద్దరూ మనుషులతో వచ్చారు. మనసులో ప్రార్థన చేసుకుంటూ నిలబడ్డాను.

"మాకెందుకు రాల్యా?" అన్నాడు ఓబుళరెడ్డి.

"మీ రెండు సీసాలూ చెల్లలేదంటయ్యా. రెండిట్లోనూ పేడే."

ఆయన ఎదుటివాళ్ల వైపు చూశాడు. "అయితే వాళ్లకు గూడా రాల్యా?"

"రాలేదు."

"అట్లయితే సరే."

శివారెడ్డి కూడా "సరే" అని, మీసం దువ్వుకుంటూ వెళ్లాడు.

వారం తిరక్కముందే రెండిళ్ల ఆడవాళ్లూ బిందెలు పట్టుకుని మిషనుకు పెట్టిన మన కొళాయి దగ్గరికి వచ్చారు. ముందు మాకంటే మాకని మొదలైంది. అరుణ తన బిందె కొళాయి కింద పెట్టి, "మీరు కొట్లాడుకోండమ్మా, తేలినంక చెప్పండి. అంతలోపల మేం పట్టుకుంటాం" అంది.

ఈరోజుకు నాలుగు రోజులు. వాళ్లది తేలలేదు. పేటలో బిందెలన్నీ నిండి ఉన్నాయి. పిల్లలు పదకొండు మందీ బడికి వస్తున్నారు.

అక్క,
దేవకుమారి