ఆరు అంగుళాలు

స్లౌ, 10 డిసెంబర్ 2001

ప్రియమైన జగన్మోహన్‌కి,

ఎవరూ చూడలేదు కదా అని చేసిన తప్పు ఎక్కడ దాక్కుంటుందో చెప్పగలవా? డాక్టరువి కదా, చెప్పు చూద్దాం. నిన్న సత్సంగంలో అందరినీ ఇదే అడిగాను. నలభై తలలు వంగాయి. ముందు వంగాల్సిన తల నాదని ఎవరికీ తెలియదు.

నువ్వు ఉద్యోగం మారి బర్మింగ్‌హామ్ వెళ్లిన వారానికే ఇక్కడ మంచు పట్టింది. గోల్ఫ్ కోర్సు మూశారు. నాలుగింటికే చీకటి. కార్పెట్ మీద గ్లాసు పడుకోబెట్టి దాంట్లోకి బంతి కొడుతున్నాను. గ్లాసుకు దెబ్బలు, తనకు తలనొప్పి అంటోంది లక్ష్మి. టీవీ పైన అక్టోబర్‌లో గెలిచిన కప్పు. ఏ కుర్చీలో కూర్చున్నా అది కనబడుతూనే ఉంటుంది. బయటికి పోదామంటే పోవడానికి చోటు లేదు.

నీకొకటి చెప్పాలి. చెయ్యి సాగడం లేదు.

నీ
వెంకటసుబ్బారావు


బర్మింగ్‌హామ్, 21 డిసెంబర్

ప్రియమైన సుబ్బారావుకి,

కొత్త హాస్పిటల్లో డ్యూటీల రోటా ఊపిరి ఆడనివ్వడం లేదు. అందుకే ఆలస్యం. చలికాలంలో గోల్ఫ్ ఆడేవాళ్లందరికీ కాస్త పిచ్చెక్కుతుంది, మార్చి రానీ. కప్పు నువ్వు గెలిచావు, నీ స్కోరు కార్డు మీద నేను సంతకం పెట్టాను, అయిపోయింది.

గోపాల్‌రావు అంకుల్‌కి ఫిబ్రవరి పదకొండున తుంటి ఆపరేషన్ అట. ఇక గోల్ఫ్ ఆడరేమో. లక్ష్మిగారికి నమస్కారాలు.

నీ జగన్


స్లౌ, 14 జనవరి 2002

జగన్,

నేను కార్డు ఊసే ఎత్తలేదు. నువ్వెందుకు ఎత్తావు?

సరే, విను. చలికాలంలో బురద కాబట్టి బంతిని ఎత్తి, తుడిచి, ఆరు అంగుళాల లోపల మళ్లీ పెట్టుకోవచ్చు. ఆ నియమం నవంబర్ ఒకటి నుంచి అని క్లబ్ గోడ మీద కాగితం ఉంది. మన పోటీ అక్టోబర్ ఆఖరి ఆదివారం. పద్నాలుగో హోల్ దగ్గర అలవాటు కొద్దీ బంతి ఎత్తాను, తుడిచాను, గడ్డి బాగున్నచోట పెట్టి కొట్టాను. రెండు అడుగులు వేశాక తేదీ గుర్తొచ్చింది. దానికి శిక్షగా నా స్కోరుకు రెండు స్ట్రోకులు కలపాలి. చెప్పలేదు. అంకుల్ కన్నా ఒక్క స్ట్రోకు తక్కువ కొట్టి గెలిచాను, ఆ రెండూ కలిపితే కప్పు ఆయనది. పంతొమ్మిదేళ్లుగా ఆడుతున్న మనిషికి ఒక్క కప్పూ లేదు.

సాక్షి లోపలే కూర్చున్నాడని శాస్త్రం చెబుతుంటే దాన్ని మైకులో అరిచి చెప్పేవాణ్ణి నేను. ఆ సాక్షితో ఈ ఇంట్లో తలుపులు వేసుకుని రెండున్నర నెలలుగా ఉంటున్నాను. వేసవి అయితే మరుసటి ఆదివారం ఆటలో పడి మరిచిపోయేవాణ్ణేమో. ఈ మంచు మరిచిపోనివ్వడం లేదు.

సుబ్బారావు


బర్మింగ్‌హామ్, 27 జనవరి

ప్రియమైన సుబ్బారావుకి,

చూశాను. అవతలి చెట్ల దగ్గర నుంచి. నువ్వే చెబుతావని పద్దెనిమిదో హోల్ దాకా ఆగాను. నీ స్కోరు రాసిన కార్డు నా చేతిలో ఉంది, పెన్ను అడిగి తీసుకున్నాను. వెళ్లిపోయే ముందు నీతో ఆడే చివరి ఆట గొడవతో ముగియకూడదనుకుని సంతకం పెట్టాను. నువ్వు పంపిన ప్రవచనం క్యాసెట్ ఇంకా వినలేదు. వినలేను.

జగన్


స్లౌ, 4 ఫిబ్రవరి

ప్రియమైన జగన్,

నిన్న సత్సంగంలో గ్రంథం తెరవలేదు. నా సంగతే చెప్పాను. తర్వాత కప్పు సంచిలో వేసుకుని, మంచులో నడిచి అంకుల్ ఇంటికి వెళ్లాను. అంతా విన్నారు. కప్పు తిప్పి చూశారు.

"మూడు నెలలు ఇంట్లో పెట్టుకుని ఒక్కసారన్నా తుడిచావటయ్యా?"

తీసుకోండి అంకుల్ అన్నాను.

"ఇది నువ్విచ్చేది కాదు. కమిటీ ఇస్తే తీసుకుంటాను."

ఇవాళ పొద్దున్నే క్లబ్ సెక్రటరీని కలిశాను. నా మాట రాసుకున్నాడు. కార్డు రాసినవాడి మాట కూడా లేకుండా ఫలితం మార్చరట. శుక్రవారం పెయింటర్ వచ్చి విజేతల చెక్క బోర్డు మీద బంగారు అక్షరాలతో నా పేరు రాస్తాడు. సోమవారం అంకుల్ ఆపరేషన్.

నన్ను కాపాడావు అనుకోకు. ఇద్దరినీ ఒకే గదిలో పెట్టి తాళం వేశావు. నా తాళం నేను తీశాను. నీది నీ చేతిలో ఉంది. క్లబ్ నంబర్ కవరు వెనక రాశాను. రోటా సంగతి తర్వాత చూసుకోవచ్చు, రేపు చేద్దామని మాత్రం అనుకోకు. ఈ ఉత్తరం మడవకముందే లే, ఫోన్ తియ్యి, చూసింది చెప్పు. ఇవాళే.

నీ
సుబ్బారావు