జ్వరం లేదు

డిసెంబర్ 8, ఆదివారం
సుబ్బుకి జలుబు. నాలుగో నెలలో వచ్చిన మొదటి జలుబు. పులికాట్ సరస్సు మీది నుంచి చలిగాలి కొడుతోందని మా అత్త కామాక్షమ్మ వాణ్ణి పాత చీరముక్కలో బిగించి చుట్టేసింది. మొహం తప్ప ఏమీ కనిపించదు. మా పాలెంలో బిడ్డలంతా చలికాలం మూటల్లోనే పెరుగుతారు. విప్పితే గాలి సోకుతుందట. సరే, వాడైతే ముద్దుగానే ఉన్నాడు.

డిసెంబర్ 10
దగ్గు. థర్మామీటర్ పెట్టి చూశాను. నార్మల్. జ్వరం లేదు కాబట్టి భయం లేదు.

డిసెంబర్ 11, సాయంత్రం
ఈరోజు ఏడవనే లేదు. పాలు రెండు గుక్కలు తాగి వదిలేశాడు. నిద్రమత్తు అనుకున్నాం. మా ఆయన గంగాధరం చేపలవేట నుంచి వచ్చి, కొడుకు బుద్ధిమంతుడైపోయాడని మురిసిపోయాడు. నేనూ నవ్వాను. చాలా రోజులకి కడుపునిండా అన్నం తిన్నాను.

డిసెంబర్ 12
ఆస్పత్రి.

డిసెంబర్ 15
రాయకపోతే పిచ్చెక్కేలా ఉంది.

ఆ పొద్దున వాడి పెదవులు నల్లబడ్డాయి. పడవలో సరస్సు దాటి, అక్కడి నుంచి ఆటోలో వెళ్లాం. డాక్టరమ్మ మొదట వాడి గుడ్డ విప్పింది. ఊపిరి తీసినప్పుడల్లా డొక్కలు గుంట పడుతున్నాయి. న్యుమోనియా అంది. జ్వరం లేకుండా కూడా వస్తుందట. ఎప్పటి నుంచి ఇలా ఎగపోస్తున్నాడని అడిగింది. నాకు తెలియదు. నా బిడ్డ డొక్కలు నేనే చూడలేదు. ఆక్సిజన్ పెట్టారు. సాయంత్రానికి వాడు లేడు.

అత్త నా ఎదురుగా కూర్చుని ఒకటే మాట. "నేను వెచ్చంగానే పెట్టినా గదమ్మే." ఆమె మీద కోపం తెచ్చుకుందామని చూశాను. రాలేదు. ఇద్దరం కలిసి ఏడ్చాం.

డిసెంబర్ 19
పాలు ఇంకా వస్తున్నాయి.

జనవరి 3
బిడ్డ పోయినదాని చెయ్యి పసిబిడ్డల మీద పడకూడదని మా పాలెంలో పట్టింపు. నేను కనిపిస్తే బాలింతలు తలుపులు వేసుకుంటున్నారు. ఈరోజు పక్కింటి వనజాక్షి దొడ్డిదారిన వచ్చింది. చేతిలో మూట. బిడ్డ రాత్రి నుంచి దగ్గుతోందట, పాలు తాగడం లేదట. జ్వరం మాత్రం లేదని తనే చెప్పింది.

"నువ్వే చూడక్కా," అంది.

విప్పాను. ఆడపిల్ల. డొక్కలు ఎగురుతున్నాయి.

పడవ తీయమని గంగాధరాన్ని కేకేశాను. వనజాక్షి అత్త అడ్డం వచ్చింది, నన్ను తిట్టింది. పడవ ఆగలేదు.

జనవరి 9
వనజాక్షి కూతురు బతికింది. ఇంటికి తెచ్చారు. పాలెమంతా చూసొస్తోంది, మా అత్త కూడా వెళ్లింది. ఏడుపు ఇక్కడికి వినిపిస్తోంది, గట్టిగా.

నాకు సంతోషం రావడం లేదు. రావాలి కదా.