ఒక్కగానొక్కడి కాగితం

మల్లావి,
పెద్ద ఉపవాసం రెండో వారం, సోమవారం

నా వనస్‌కి,

అమ్మ ముద్దులూ దీవెనలూ. దేవుడి దయవల్ల ఇక్కడ మేమిద్దరం బాగానే ఉన్నాం. మఠంలో నువ్వూ, నీతో ఉన్న సోదరులూ కులాసాగా ఉన్నారని నీ ఉత్తరం చూసి నెమ్మదించాం. మీ నాన్న మోకాలు మాత్రం ఈ లెక్కలోకి రాదు, దాని క్షేమం వేరే రాయాలి.

నువ్వడిగినవాటికి వరసగా జవాబులు చెప్తాను. పావురాలు పదకొండయ్యాయి. మాంసం ముట్టని ఉపవాస రోజులు కాబట్టి ఈస్టరు దాకా వాటికి ప్రాణభయం లేదు, ఆ సంగతి తెలిసినట్టే మేడ మీద పెత్తనం చేస్తున్నాయి. నీ నిమ్మ మొక్కని నూనె డబ్బాలోంచి పెద్ద కుండీలోకి మార్చాను. మూడు రోజులు తల వాల్చేసి నాలుగో రోజు లేచింది. మోకాలి విషయంలో డాక్టరు మెట్లెక్కడం తగ్గించమన్నాడు. మీ నాన్న తగ్గించింది డాక్టరు దగ్గరికి వెళ్లడం.

మీ సల్వా అత్త నిన్ను అడిగినట్టు చెప్పమంది. ఆవిడ మాటల్లోనే రాస్తే గాని నీకు తృప్తి ఉండదు. "ఇంజనీరింగు చదివించి ఖర్జూరాలు ఏరడానికి పంపారు. ఆ ఏరేదేదో మా తోటలో ఏరితే మధ్యాహ్నం పూట వాడికింత అన్నమైనా పెట్టేదాన్ని కదా" అంది. మీ నాన్న వార్తాపత్రికలోంచి తలెత్తకుండా, "నీ వంట తిన్నాకే వాడికి సన్యాసం మీద మనసు పుట్టింది" అన్నారు. ఆవిడ అలిగి వెళ్లిపోయింది. మర్నాడు పొద్దున్నే వేడి వేడి చిక్కుడు పప్పు వడల పొట్లం పట్టుకుని తిరిగొచ్చింది, "ఉపవాసంలో అలగకూడదట" అంటూ.

ఇక నీ ఉత్తరంలో అసలు ప్రశ్న, కాగితం దొరికిందా అన్నది.

నీతో వచ్చిన ఇద్దరికీ కొత్తగా చేరేవాళ్ల తెల్ల అంగీలు ఇచ్చేశారని, నువ్వింకా చొక్కా ప్యాంటుతోనే తిరుగుతున్నావని రాశావు. ఒక్కడే కొడుకు గనక సైన్యంలో చేరక్కర్లేదని ప్రభుత్వం ఇచ్చిన కాగితం, అసలుది చూడందే మఠంవాళ్లు ఎవరినీ తీసుకోరు, నకలు పనికిరాదు. సగం ఉపవాసం నాటికి దొరక్కపోతే నువ్వే ఇంటికొచ్చి కొత్తదానికి అర్జీ పెడతానన్నావు. రెండు మూడు నెలలు ఇక్కడే ఉండాల్సి రావచ్చన్నావు. మఠంలో ఫాదరు అబూనా బీమన్ గారితో సహా ఏడుగురు నీకోసం మార్ వనస్‌కి మొక్కుతున్నారని కూడా రాశావు. "పోయినవన్నీ వెతికిపెట్టే బాల సాధువు, పైగా నా పేరువాడు, నా పనికే ఎందుకు ఆలస్యం చేస్తున్నాడమ్మా?" అని నవ్వుతూ అడిగావు.

ఇక్కడ వెతుకులాట ఎలా సాగిందో కూడా నువ్వు తెలుసుకోవాలి. మీ నాన్న మందుల షాపు మధ్యాహ్నాలు మూసేసి వచ్చి నాలుగు రోజులు ఇల్లంతా తిరగేశారు. సొరుగులన్నీ నేలమీద బోర్లించారు. నీ చిన్నప్పటి పరీక్ష పేపర్లు దొరికాయి, మా పెళ్లి రోజున పోయిందనుకున్న ఆయన కఫ్ బొత్తం ఒకటి దొరికింది. చివరికి మంచం కింద దూరారు, నేను టార్చి పట్టుకున్నాను.

"వాడక్కడ దేవుడి ముందు నేలకి నుదురు ఆనిస్తున్నాడు, నేనిక్కడ మంచం ముందు ఆనిస్తున్నాను. ఆయన ఎవరి మాట ముందు వింటాడో చూద్దాం" అన్నారు లోపల్నుంచి.

తర్వాత లేవలేకపోతే చెయ్యి పట్టి లేపాను. "ఇక్కడ లేదు" అన్నాను. ఆ మాట నిజమే. మంచం కింద లేదు.

మొన్న శుక్రవారం చర్చిలో నాలుగో తరగతి పిల్లలకి వాళ్ల తసోనీగా నేను చెప్పిన పాఠం ఈ కాలపు విగ్రహాల గురించి. విగ్రహమంటే రాయీ చెక్కా కాదని, మనసులో దేవుడి కుర్చీలో మనం కూర్చోబెట్టింది ఏదైనా విగ్రహమేనని చెప్పి, మీ మీ ఇళ్లలో ఏమున్నాయో చెప్పండి అన్నాను. ఫోను అన్నారు. ఫుట్‌బాల్ అన్నారు. ఒకడు "మా అన్నయ్య జుట్టు, గంటసేపు దువ్వుతాడు" అన్నాడు. వెనక బెంచీలోంచి వెరీనా చెయ్యెత్తింది. నీకు తెలుసు, రొట్టెల కొట్టు వాళ్ల అమ్మాయి, ఎప్పుడూ ఒక జడ ఊడిపోయి ఉంటుంది.

"మా అద్దాల బీరువా, తసోనీ" అంది.

"బీరువా విగ్రహం ఎలా అవుతుందమ్మా?"

"అందులో అమ్మ పెళ్లి ప్లేట్లున్నాయి. రోజూ తుడుస్తుంది. వాటిలో ఎవరం తినకూడదు."

"వస్తువుని జాగ్రత్తగా చూసుకోవడం తప్పు కాదు కదా."

ఆ పిల్ల కొంచెం ఆలోచించింది. "మా అమ్మ అబద్ధం ఆడదు తసోనీ. మేం ఆడితే నాలిక మీద మిరియాల పొడి వేస్తానంటుంది. కానీ పిన్ని విందుకి ప్లేట్లు అడిగిందనుకోండి, సగం పగిలిపోయాయని చెప్తుంది. ప్లేట్లకే ఆడుతుంది. ఇంక దేనికీ ఆడదు."

పిల్లలంతా పకపకా నవ్వారు, నేనూ నవ్వాను. అప్పుడది నన్నే చూస్తూ, "మీ ఇంట్లో కూడా బీరువా ఉందా తసోనీ?" అంది.

"ఉంది. మా ప్లేట్లు ఎవరూ అడగలేదమ్మా" అన్నాను. అదీ నిజమే.

పాతికేళ్లుగా బడిలో తర్కం పాఠం చెప్తున్నదాన్ని కదా. ఒక్క అబద్ధపు వాక్యం లేకుండా మనిషిని మోసం చెయ్యడం నాకు వచ్చు.

వనస్, ఆ కాగితం పోలేదు. బీరువాలో మా అమ్మ నాకిచ్చిన పింగాణీ సెట్టులో మూతున్న పెద్ద సూపు గిన్నె ఉంది చూడు, మనం ఎన్నడూ వాడనిది, అందులో ఉంది. మూడేళ్ల కిందట నువ్వు తెచ్చి నా చేతిలో పెట్టిన రోజున భద్రంగా ఉంటుందని అక్కడ పెట్టాను. అసలుది పంపమని నువ్వు జనవరిలో రాసినప్పుడు వెళ్లి మూత తీసి చూశాను. ఉంది. మూత పెట్టేసి "వెతుకుతున్నాం" అని నీకు రాశాను. ఆ తర్వాత మూడుసార్లు చర్చిలో పాపాల ఒప్పుకోలుకి వెళ్లాను. కోపాలూ, పరాకులూ, ఉపవాసంలో నాలిక చేసిన అల్లరీ అన్నీ చెప్పాను. ఇది చెప్పలేదు.

నిన్ను ఆపాలని చేశానా అంటే, అలా అనుకోలేదు. రెండు నెలలు ఇంటికొస్తాడు, తన మంచం మీద పడుకుంటాడు, నా చేతి అన్నం తింటాడు, స్నేహితులు వస్తారు, కైరోలో నీ పాత కంపెనీవాళ్లు ఒకసారి ఫోను చేస్తారు. అంతే. వాడికి ఇంకో అవకాశం ఇస్తున్నాను అనుకున్నాను. ఆ అవకాశం నీకు కావాలో, నాకు కావాలో అడుక్కోలేదు.

నీ పేరు పెట్టినప్పటి సంగతి నీకు పూర్తిగా తెలీదు. నీకు ముందు ఇద్దరు నా కడుపులో నిలవలేదు. నీ తర్వాత ఇంక వద్దని డాక్టర్లు చెప్పారు. మీ నాన్న సాధువు పేరని వనస్ అన్నారు. వనస్ అంటే తోడు అని, నేను ఆ అర్థం కోసం ఒప్పుకున్నాను. పక్కింటివాళ్లూ, బడిలోవాళ్లూ, చివరికి మీ నాన్న కూడా నన్ను పిలిచేది "వనస్ అమ్మా" అనే. సన్యాసమిచ్చే రోజున నిన్ను గుడ్డ కప్పి పడుకోబెట్టి, చనిపోయినవాళ్లకి చేసే ప్రార్థన చేస్తారు. లేచాక నీకు ఇంకో పేరు పెడతారు. మరి ఆ రోజు నన్ను ఏమని పిలుస్తారో నాకు తెలీదు. ఇది చిన్న విషయమని నాకూ తెలుసు. అయినా దీని మీద చాలా ఆలోచించాను.

నువ్వు వెళ్తానన్నప్పుడు నేనడిగిన ప్రశ్నలు గుర్తున్నాయా? పిలిచింది దేవుడేనని నీకెలా తెలుసు, నీ మనసే కాదని ఎలా చెప్పగలవు, ఇరవై నాలుగేళ్లకి ఎవరికి ఏం తెలుస్తుంది? ఆ ప్రశ్నలు ఇప్పటికీ పోలేదు. పోయాయని రాస్తే ఇంకో అబద్ధం అవుతుంది. కానీ శుక్రవారం ఇంటికి నడిచొస్తుంటే ఒకటి తట్టింది. నీకు పెళ్లి చెయ్యాలని సంబంధాలు చూశానే, అది దేవుడి చిత్తమేనా అని నేను ఒక్కనాడూ అడగలేదు. నా సందేహం ఎప్పుడూ నా తరఫునే సాక్ష్యం చెప్పింది.

దేవుడికి నేను ఏదీ లేదనలేదు నాన్నా. జీతంలో పదో వంతు ఇచ్చాను, శుక్రవారాలిచ్చాను, ఉపవాసాలన్నీ ఇచ్చాను. ఇన్ని గదులు తెరిచి చూపించాను గనక ఒక్క బీరువా తాళం నా దగ్గరుంటే ఆయన పట్టించుకోడనుకున్నాను. పైగా ఆ కాగితమే నాకు ధైర్యం. ఒక్క కొడుకున్న తల్లిని సైన్యం కూడా అడగదు. దేశానికే అంత జాలి ఉన్నప్పుడు ఆయనకి ఉండదా అనుకున్నాను. నిన్న ఆరాధనలో, అందరితో పాటు నిలబడి చిన్నప్పట్నుంచీ వింటున్న మాటలే వింటుంటే, ఆయనకీ ఒక్కడే కొడుకు కదా అనిపించింది. ఆ మినహాయింపు ఆయన తన ఇంటికి రాసుకోలేదు. తర్వాత ప్రార్థనలో ఏం జరిగిందో నాకు సరిగ్గా గుర్తులేదు.

నిన్న రాత్రి భోజనాల దగ్గర ఆ సూపు గిన్నె దించి తెచ్చి మీ నాన్న ముందు పెట్టాను. ఆయన మూత తీశారు, కాగితం చూశారు.

"సూపు అనుకున్నాను" అన్నారు.

నేను అన్నీ చెప్పాను, టార్చి సంగతితో సహా. ఆయన మోకాలు రాసుకుంటూ విన్నారు.

"నాలుగు రోజులు దూరాను కదా మంచాల కింద."

"తెలుసు."

"బొత్తం దొరికింది, అదొక్కటే లాభం." మూత పక్కకి జరిపి, "కొడుకు పోతాడన్న బాధ నాకు లేదనుకున్నావా, వనస్ అమ్మా? నేనూ వెతుకుతూ వెతుకుతూ, దొరక్కపోతే బాగుండు అనుకున్నాను. కాకపోతే వెతికాను" అన్నారు.

ఆ మాట నాకు ఏ ఉపదేశం కన్నా గట్టిగా తగిలింది. మనసు మొత్తం ఒక్కటయ్యాకే దేవుడికి లోబడాలి అనుకుంటూ కూర్చున్నాను నేను. ఆయన సగం మనసుని పక్కన పెట్టి మోకాలి మీద కూర్చున్నారు. నిండు మనసు ఎప్పుడొస్తుందో నాకు తెలీదు. చేతులు మాత్రం ఇవాళ్టికి నా మాట వింటున్నాయి.

గిన్నె ఎలాగూ బల్ల మీదికొచ్చింది కదా అని కడిగి, వండిన పప్పు సూపు అందులోనే పోశాను. మా అమ్మ ప్లేట్లలో మొదటిసారి తిన్నాం. అంచు బంగారు గీత కొంచెం పోయింది. నువ్వుంటే మూడో ప్లేటు కూడా పెట్టేదాన్ని.

పొద్దున్నే మన చర్చిలో అబూనా అర్మియా గారి దగ్గరికి వెళ్లి ఒప్పుకున్నాను. నేలకి వంగి నమస్కారాలు వందో రెండొందలో చెయ్యమంటారని సిద్ధపడ్డాను. ఆయన ఒక్కటీ చెప్పలేదు. "కాగితం ఎవరిది?" అని అడిగారు. "మా అబ్బాయిది." "అయితే అబ్బాయికి ఇచ్చెయ్యి. ఎందుకు ఆలస్యమైందో నీ చేత్తో నువ్వే రాయి" అన్నారు. శనివారం ఆయన యాత్రికుల బస్సు తీసుకుని మీ మఠానికే వస్తున్నారు. నన్నూ రమ్మన్నారు, సీటు కూడా ఉంది. వద్దన్నాను. నీ ముఖం చూశాక బ్యాగులో చెయ్యి పెట్టి ఈ కవరు తియ్యగలనన్న నమ్మకం నాకు లేదు. అందుకే ఇప్పుడే అంటించి ఆయన చేతికిచ్చేస్తున్నాను.

నా మీద కోపం రావాలి, వస్తే దాచుకోకు, రాయి. నీకోసం మొక్కిన ఆ ఏడుగురికి నా క్షమాపణ చెప్పు. మార్ వనస్‌ని ఏమీ అనకు, ఆయన ఆలస్యం చెయ్యలేదు. మొదటి రోజే వెతికిపెట్టాడు, నేనే మూత పెట్టేశాను.

తెల్ల అంగీ వేసుకున్నాక మెడ దగ్గర బిగుతుగా ఉంటే చెప్పు, ఇక్కడ కుట్టించి పంపుతాను. పావురాల గురించీ, నిమ్మ మొక్క గురించీ నేను రాస్తూనే ఉంటాను. నీకు గుడ్డ కప్పే రోజు ఎన్నేళ్లకొచ్చినా నేను వస్తాను, ముందు వరసలో నిలబడతాను.

కాగితం ఈ ఉత్తరం వెనక మడిచి పెట్టాను. ఇక నువ్వు ఇంటికి రావలసిన పని లేదు.

ఇట్లు,
నీకు ఏ పేరు పెట్టినా,
వనస్ అమ్మ